ఏ ఊరో నాకు చెప్పకు

పెద్ద ల్యాబు, డెస్పాచ్ గది
ఫిబ్రవరి 3, సోమవారం

ఒసేయ్ గోరింకా,

ట్రేలో స్పాంజి కింద కాగితం ఏమిటా అని కంగారు పడకు, నేనే. నిన్న ఫోనులో నువ్వు నాతో మాట్లాడినవి మూడంటే మూడు ముక్కలు. "బాగున్నాను", "పనుంది", "ఉంటానక్కా". ముక్కకీ ముక్కకీ మధ్య మా మరిది దగ్గు వినిపిస్తూనే ఉంది. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడటం ఎప్పటినుంచి మొదలుపెట్టావే? నోరు తెరిస్తే మూయని పిల్లవనే కదా నీకు గోరింక అని పేరు పెట్టాను.

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే దారి కనిపెట్టాను. ఇద్దరం ఒకే కంపెనీ ఉప్పు తింటున్నాం. మేమిక్కడ కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి పంపిస్తాం, మీ బ్రాంచిలో వాటిని ఫ్రేముకు కోసి బిగిస్తారు. సోమవారం, గురువారం వ్యాను ఎలాగూ తిరుగుతుంది. ఇక్కడినుంచి వచ్చే ట్రేలు విప్పి పవరు సరిచూసేది నువ్వు. అక్కడినుంచి పవరు తప్పిన అద్దాలు పసుపు ట్రేలో "తిరుగు సరుకు" చీటీతో నా బల్ల మీదికే వస్తాయి, నేను తప్ప ఇంకొకళ్ళు ముట్టుకోరు. ఇంత రాజమార్గం ముందు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఆ దిక్కుమాలిన ఫోను పట్టుకు వేలాడాం. నాకు బుద్ధి లేదు, నీకు అంతకన్నా లేదు.

నిన్ను చూసి మూడేళ్ళు దాటింది. మీ బావ పోయినప్పుడు కూడా ఒక్క పూట ఉన్నావు, అదీ మీ ఆయన వీధిలో బండి ఇంజను ఆపకుండా కూర్చుని ఉంటే. అప్పుడు కోపం వచ్చింది కానీ ఏడుపులో కొట్టుకుపోయింది. ఇప్పుడు కోపం లేదు. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కాసేపు నీ వాగుడు వినాలని ఉంది, అంతే. నీకు జడ వేసి బడికి పంపిన చేతులు ఇవి, వాటికి ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.

అన్నట్టు, సర్క్యులర్ చూశావా? ఎక్కడో ఆఫీసులో పనిలోంచి తీసేసిన మనిషి తుపాకీతో వచ్చి ముగ్గుర్ని కాల్చాడట. అందుకని అన్ని బ్రాంచీలకూ శిక్షణ పెడుతున్నారు. తలుపులు వేసుకోవడం, దాక్కోవడం, పారిపోవడం మనకు నేర్పుతారట. ఈ మోకాళ్ళతో నేను బల్ల కింద దూరితే బయటికి లాగడానికి వ్యాను డ్రైవరు తాడు తేవాలి.

జవాబు రాయి. పొట్టిగా రాస్తే ఊరుకోను.

నీ అక్క


చిన్న బ్రాంచి, తనిఖీ బల్ల దగ్గర
ఫిబ్రవరి 13, గురువారం

దొరసాని అక్కా,

స్పాంజి ఎత్తగానే కోడి కెలికినట్టున్న నీ అక్షరాలు కనిపించి నవ్వాగలేదు. పక్క బల్లవాళ్ళు ఏమిటన్నారు, అద్దం మీద ఈగ అని చెప్పాను. నీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళను. అద్దాలు తుడిచే బట్టల కట్టలో దాచుకున్నాను. మూడుసార్లు చదివాను.

నేను బాగానే ఉన్నాను. నా అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకుంటావేమో, బాత్రూములో జారితే మణికట్టు బెణికింది. ఆయనకూ కులాసా. బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం కదా, సాయంత్రానికి కాళ్ళు లాగుతాయి, కాస్త చిరాకు. ఎవరికి ఉండదు చెప్పు? నేను ఫోనులో మాట్లాడితే తల నొప్పి వస్తుందంటాడు, అందుకే స్పీకరు. పని వదిలేసరికి గేటు దగ్గర సిద్ధంగా ఉంటాడు, ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు. మా కౌంటరులో కూర్చునే పిన్ని లేదూ, ఆవిడ "నా అల్లుడంత మొగుడు ఎవరికి దొరుకుతాడే" అని రోజూ దిష్టి పెడుతుంది. ఆయన ఆవిణ్ణి అత్తయ్యా అని పిలుస్తాడు, టీ తాగించి నవ్విస్తాడు. బ్రాంచిలో ఆయనంటే అందరికీ ఇష్టమే.

ఎంత ఇష్టమంటే, విను. నువ్వు చెప్పిన శిక్షణ ఇక్కడా వచ్చే నెలే. చివర్లో నాటకంలాగా అభ్యాసం ఉంటుందట, ఎవరో ఒకరు తుపాకీతో లోపలికి వస్తే మిగతావాళ్ళు దాక్కోవాలి. మేనేజరుగారు చప్పట్లు కొట్టి, "మన ఇంటి మనిషే ఉన్నాడుగా, తుపాకీ సంగతి తెలిసినవాడు!" అని ఆయన్నే అడిగాడు. ఆయన మొహమాటపడి ఒప్పుకున్నాడు. బ్రాంచి అంతా ఒకటే సంబరం.

నిన్ను చూడాలని నాకు లేదనుకోకు అక్కా. రోజూ నీ చేతులు తగిలి వచ్చిన ట్రేలే విప్పుతాను. కొన్నిసార్లు మూత మీద నీ వేలిముద్ర ఉంటుంది. తుడవబుద్ధి కాదు, కానీ తుడవాలి కదా.

గోరింక


పెద్ద ల్యాబు, డెస్పాచ్ గది
మార్చి 3, సోమవారం

గోరింకా,

మీ మేనేజరుకు తలకాయ ఉందా, లేక టోపీ పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఉంచుకున్నాడా? ఎవరు ఎక్కడ దాక్కుంటారో బయటి మనిషికి దగ్గరుండి చూపిస్తాడా? మనవాడైతే మాత్రం!

సరే, మా శిక్షణ అయిపోయింది. బయటినుంచి ఒక మేడం వచ్చింది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడుతుంది, కానీ ఆవిడ మాట్లాడుతుంటే దగ్గడానికి కూడా జంకుతాం. నేను బల్ల కింద దూరాను, తాడు అవసరం రాలేదు, నా పక్కన దాక్కున్న స్టోరు మనిషి గురక పెట్టాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

మధ్యాహ్నం మాత్రం నవ్వలేదే. ఆవిడ అంది కదా, "పని చేసే చోటికి తుపాకీతో వచ్చేవాడు కొత్తవాడే అయి ఉంటాడని అనుకోకండి. వాడు మీలో ఒకరి ఇంటినుంచి కూడా రావచ్చు. టీ పట్టుకొచ్చే మనిషి కావచ్చు." తర్వాత కొన్ని గుర్తులు చెప్పింది. ఫోనుకు బెదిరిపోయే మనిషి. ఎండలో కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకునే మనిషి. పని అవగానే నిమిషం ఆగని మనిషి. ఊరికే జారిపడే మనిషి. పుట్టింటివాళ్ళతో రాకపోకలు తగ్గిపోయిన మనిషి. నేను పుస్తకంలో రాసుకుంటున్నాను, బడి పిల్లలాగా. నాలుగోది రాశాక మళ్ళీ మొదటికి వెళ్ళాను. పైనుంచి కిందికి చదివితే అది నీ పేరే.

నేను పిచ్చిదాన్నయితే నన్ను తిట్టు. అనవసరంగా అనుమానపడ్డావని నవ్వు. వచ్చే ట్రేలో "నీ మొహం" అని రెండు ముక్కలు రాసి పంపినా చాలు, హాయిగా నిద్రపోతాను. కానీ అబద్ధం మాత్రం రాయకు. నువ్వు అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది.

అక్క


చిన్న బ్రాంచి, తనిఖీ బల్ల దగ్గర
మార్చి 20, గురువారం

అక్కా,

నిన్నటితో మా శిక్షణ అయిపోయింది. అదే మేడం. మధ్యాహ్నం చెప్పాల్సిన భాగాన్ని మేనేజరుగారు వద్దన్నాడు, "మా దగ్గర అందరూ సంసారులేనండీ, అది మాకెందుకు" అని. దాని బదులు అందరికీ బిస్కెట్లు పంచారు.

అభ్యాసం మొదలుకాకముందు ఆవిడ ఒక్కొక్కళ్ళనీ అడిగింది, ఇప్పుడు మనిషి లోపలికి వస్తే ఏం చేస్తావు అని. ఒకళ్ళు అరుస్తామన్నారు, ఒకళ్ళు పోలీసులకు ఫోను చేస్తామన్నారు. నా వంతు వచ్చింది. నేను ఆలోచించకుండా చెప్పేశాను అక్కా. తలుపులు ఎటు తెరుచుకుంటాయో, ఏ గడియ ఒక్క తన్నుకు ఊడిపోతుందో, గాజు ఉన్నచోట నిలబడకూడదని, గాజులూ చెప్పులూ తీసేయాలని, ఏడుపు వస్తే చీర చెంగు నోట్లో కుక్కుకోవాలని. అడుగుల చప్పుడును బట్టి మనిషి కోపం ఎంతో చెప్పవచ్చని కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరుగారు మొదటి బహుమతి నాదేనన్నాడు. మేడం మాత్రం చప్పట్లు కొట్టలేదు. నా వైపే చూస్తూ ఉంది.

తర్వాత ఆయన వచ్చాడు. తూటాలు తీసేసి అందరికీ చూపించాడు. నేను అద్దాల గదిలో పాత ఫ్రేములు పెట్టే ఇనప అల్మారాలో దూరాను. ఆయన అన్ని గదులూ తిరిగాడు. పిన్నిని కౌంటరు కింద పట్టుకుని "దొరికారు అత్తయ్యా!" అన్నాడు, నవ్వులు. అల్మారా తలుపుకు కింద బెత్తెడు సందుంది. బూట్లు వచ్చి సందు ముందు ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత వెళ్ళిపోయి, బయట అందరితో, "మా ఆవిడ ఒక్కతే నాకు దొరకలేదు" అన్నాడు.

ఇంటికి వెళ్ళాక అన్నం వడ్డిస్తుంటే చెప్పాడు. "నువ్వు ఎక్కడున్నావో నాకు తెలుసు. ఎప్పుడూ తెలుస్తుంది." అంతే, అన్నం తిన్నాడు.

నాకు ఇవన్నీ ఎవరూ నేర్పలేదక్కా. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటే వచ్చేశాయి. మణికట్టు బాత్రూములో బెణకలేదు. బావ పోయినరోజు నేను ఆలస్యం చేశానని దారిలో బండి ఆపి కొట్టాడు, నీ ఏడుపు చెవిలో ఉండగానే. నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు ఒక్కదానివే ఉన్నావు, నా బరువు కూడా నీకెందుకని. ఇప్పుడు రాశాక ఒళ్ళు తేలికైంది.

ఏమీ చెయ్యకు. ఎవరికీ చెప్పకు. ఊరికే నువ్వు తెలుసుకోవాలని రాశాను.

గోరింక


పెద్ద ల్యాబు, డెస్పాచ్ గది
మార్చి 24, సోమవారం

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి పసుపు ట్రే నేలకేసి కొట్టాను. ఎవరివో రెండు జతల అద్దాలు ముక్కలయ్యాయి. చేయి జారిందని రాసిచ్చాను. ఎనిమిదేళ్ళు! ఇన్నేళ్ళూ వాణ్ణి "నెమ్మదస్తుడు" అని నలుగురికీ చెప్పుకున్న నోరు నాది. నా నోరు పడిపోను.

ఏమీ చెయ్యవద్దంటావా? చాల్లే. నా దగ్గరికి వచ్చేయి. రెండు గదులున్నాయి, ఒకదాంట్లో నేనుంటే ఇంకోదాంట్లో మీ బావ పుస్తకాలూ దుమ్మూ ఉన్నాయి. నిన్న దుమ్ము దులిపాను. కిటికీ పక్కన మంచం వేయించాను. దుప్పటి కొత్తది. తలగడ నీకు ఎత్తుగా ఉండాలి కదా, రెండు వేశాను.

మేడంకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. కొన్ని మాటలు గట్టిగా చెప్పింది, అలాగే రాస్తున్నాను. వెళ్ళిపోతున్నానని అతనికి చెప్పకు, గొడవలో కూడా బెదిరించకు. ఆడది వదిలి వెళ్ళేటప్పుడే ప్రాణానికి ఎక్కువ ముప్పట. బట్టలు సర్దకు, సంచి కనిపిస్తే అర్థమైపోతుంది. నీ సర్టిఫికెట్లు రోజుకొకటి చొప్పున అన్నం డబ్బా అడుగున పెట్టుకుని బ్రాంచికి తెచ్చుకో. ఇల్లు కాదు, పని చేసే చోటునుంచే బయలుదేరు. వ్యాను డ్రైవరు నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు, అడిగితే కారణం కూడా అడగకుండా తీసుకొస్తాడు. గురువారం మధ్యాహ్నం ఎక్కావంటే చీకటి పడకముందు నా గుమ్మంలో ఉంటావు.

రావే. నిన్ను ఒక్క ప్రశ్న కూడా అడగను. నువ్వు మాట్లాడితే వింటాను, మాట్లాడకపోతే పక్కన కూర్చుంటాను. ఏ గురువారమో చెప్పు.

అక్క


చిన్న బ్రాంచి, తనిఖీ బల్ల దగ్గర
ఏప్రిల్ 3, గురువారం

అక్కా,

ఏప్రిల్ పదిహేడు.

వచ్చే సోమవారం నుంచి స్టాకు లెక్క పెడతారు, అది అయ్యేదాకా వ్యాను తిరగదు. లెక్క ముగిసి మొదటి వ్యాను వచ్చేది పదిహేడునే. అప్పటిదాకా ఉత్తరాలు ఉండవు. కంగారు పడకు. డబ్బా అడుగున ఇప్పటికి నాలుగు కాగితాలు వచ్చాయి.

మంచం కిటికీ పక్కన అన్నావు. కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? పొద్దున ఎండ వస్తుందా? తలుపుకు లోపల గడియ ఉందా? పిచ్చి ప్రశ్నలని నవ్వకు. నిన్న అద్దాలు తనిఖీ చేస్తూ నేనే ఏదో కూనిరాగం తీశానట, పక్క బల్ల అమ్మాయి చెప్పింది. నా గొంతు నేను విని ఎన్నాళ్ళయిందో.

భయంగానే ఉంది. అయినా వస్తాను.

గోరింక


(పోస్టులో వచ్చినది)

ఇంటినుంచి
ఏప్రిల్ 16

గౌరవనీయులైన అక్కగారికి నమస్కరించి వ్రాయునది.

మేము ఇక్కడ క్షేమము. మీరు క్షేమమని తలచెదను. మీరు నా గురించి అనవసరంగా ఆందోళన చెందుచున్నారని తెలిసినది. మా సంసార విషయములలో తమరు జోక్యము చేసుకొనవద్దని మనవి. నాకు ఆరోగ్యము సరిగా లేనందున కొన్ని రోజులు పనికి వెళ్ళుట లేదు. దయచేసి ఇకపై ఉత్తరములు గాని, ఫోనులు గాని చేయవద్దు.

ఇట్లు
తమ సోదరి


పెద్ద ల్యాబు, డెస్పాచ్ గది
ఏప్రిల్ 21, సోమవారం

గోరింకా,

పదిహేడున వ్యాను వచ్చింది. వెనక తలుపు తీసేదాకా పక్కనే నిలబడ్డాను. ట్రేలు దిగాయి, నువ్వు దిగలేదు. రెండు రోజులకు ఆ పోస్టు వచ్చింది. నన్ను "తమరు" అంటావా నువ్వు? అక్షరాలు నీవే, మాటలు వాడివి. ఆ మాటలు రాయించేటప్పుడు వాడి చెయ్యి ఎక్కడుందో!

ఇందులో తప్పు నాదే. దాచను. పది రోజులు ఉత్తరం లేకుండా ఉండలేకపోయాను. పద్నాలుగో తారీఖున మీ బ్రాంచికి ఫోను చేశాను. నిన్ను పిలవమంటే స్టాకు గదిలో ఉందన్నారు. పిన్నితో, "మా చెల్లికి చెప్పండి, గది సిద్ధంగా ఉంది, గురువారం వ్యానుకు తప్పకుండా రమ్మని" అన్నాను. సంతోషం పట్టలేక అన్నాను. ఆవిడ సాయంత్రం గేటు దగ్గర వాడికి చెప్పిందట, "అల్లుడూ, వదినగారింటికి వెళ్తున్నారటగా" అని. ఆవిడకేం తెలుసు పాపం? పదిరోజులు ఓర్చుకోవాల్సిన నోరు నాది. మేడం అంత చెప్పినా వినలేదు. నీ ప్రాణం మీదికి నేనే తెచ్చాను.

ఇప్పుడు ఏం జరుగుతోందో శ్రద్ధగా చదువు. నువ్వు వద్దన్నా అందరికీ చెప్పాను. మా మేనేజరుకు, మేడంకు, డ్రైవరుకు. మేడం మీ బ్రాంచికి వెళ్ళి మీ మేనేజరును, పిన్నిని కూర్చోబెట్టి ఆ రోజు చెప్పనివ్వని భాగమంతా చెప్పిందట. పిన్ని కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చిందట. స్టాకు కాగితాల మీద నీ సంతకం లేకపోతే లెక్క చెల్లదని మేనేజరు మీ ఆయనకు ఫోను చేశాడు. గురువారం ఒక్క పూట పంపిస్తానని ఒప్పుకున్నాడట. ఈ ఉత్తరం ఆ రోజు పిన్ని నీ చేతికి ఇస్తుంది.

పదకొండున్నరకు వ్యాను వెనక తలుపు దగ్గర ఉంటుంది. ఏదైనా జరిగితే మాత్రం దాక్కోవద్దు. ఆ బ్రాంచిలో దాక్కునే చోట్లన్నీ వాడికి తెలుసు, వాళ్ళే చూపించారు. వెనక తలుపు, వ్యాను, అంతే. పోలీసులకు కూడా మేడం చెప్పి ఉంచింది.

ఇంకొకటి. మేడం మరీ మరీ చెప్పింది. నువ్వు నా దగ్గరికి రాకూడదట. వాడు మొదట వెతికేది నా ఇల్లేనట. నీలాంటి ఆడవాళ్ళను కాపాడే వేరే చోటికి తీసుకెళ్తారు. వెళ్ళు తల్లీ. వాళ్ళు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్ళు.

నన్ను క్షమించు.

అక్క


(చోటు పేరు రాయకూడదన్నారు)
మే 12

అక్కా,

బతికే ఉన్నాను. ముందు అది రాయమంది ఇక్కడి వార్డెను, చదివేవాళ్ళు ఆ మాట కోసమే వెతుక్కుంటారని.

ఆ రోజు ఆయనే దింపి వెళ్ళాడు. పిన్ని నా చేతిలో నీ ఉత్తరం పెట్టి, మొహం చూడలేక కౌంటరులోకి వెళ్ళిపోయింది. పదకొండున్నరకు, వెనక వ్యాను ఆగిన చప్పుడు వినిపిస్తుండగానే, ఆయన మళ్ళీ వచ్చాడు. డ్యూటీ మధ్యలో, యూనిఫారంతో, తుపాకీతో. ముందు తలుపుకు ఆ వారమే తాళం బిగించారు, పిన్ని మీట నొక్కితేనే తెరుచుకుంటుంది. "అత్తయ్యా, మా ఆవిడ డబ్బా మర్చిపోయింది, తలుపు తియ్యండి" అన్నాడు, అదే నవ్వుతో. రోజూ ఆ నవ్వుకే లేచి ఎదురెళ్ళే మనిషి, ఆ రోజు "తీయను అల్లుడూ" అంది. మా అందరికీ వినిపించింది. కింద కాలితో గంట నొక్కింది.

గంట మోగగానే మేనేజరుగారు మా అందరినీ వెనక తలుపు వైపు తోశాడు. నేను అటు వెళ్ళలేకపోయాను. నా కాళ్ళు వాటంతటవే అల్మారా వైపు వెళ్తున్నాయి అక్కా. ఎనిమిదేళ్ళ అలవాటు. మేనేజరుగారే నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళి వ్యానులో పడేశాడు. వ్యాను వీధి దాటుతుంటే గాజు పగిలిన చప్పుడు, తర్వాత రెండు పేలుళ్ళు.

తర్వాత మేడం ఫోనులోంచి పిన్ని చెప్పింది. ఆవిడ కౌంటరు కింద ఉంది, గాజు పెంకు తగిలి నుదుటి మీద అయిదు కుట్లు పడ్డాయి. ఆయన ఆవిణ్ణి పట్టించుకోలేదట. ఏ గదిలోకీ చూడలేదట. తిన్నగా అద్దాల గదికి వెళ్ళి అల్మారా ముందు నిలబడి కాల్చాడట. తలుపు తెరవను కూడా తెరవలేదట. రెండు తూటాలూ ఇనప రేకులోంచి దూసుకుపోయాయి. పోలీసులు వచ్చేసరికి అక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడట.

ఊరి బయట దారులు చీలేచోట డ్రైవరు బండి ఆపాడు. ఎడమవైపు తిరిగితే నీ దగ్గరికి. నా మొహం కూడా చూడకుండా, "కుడివైపేనమ్మా" అన్నాడు. నేను వెనక అద్దంలోంచి ఎడమ దారినే చూస్తూ కూర్చున్నాను, కనిపించినంతసేపు.

ఇక్కడ బాగానే ఉంది. గదిలో నలుగురం. కుట్టుపని నేర్పుతున్నారు, అద్దాలంత నచ్చలేదు. పొద్దున లేవగానే చప్పుడు కోసం వింటాను, ఏ చప్పుడూ ఉండదు, మళ్ళీ పడుకుంటాను. నా కోసం కిటికీ పక్కన మంచం వేశావు కదా. ఆ మంచం మీద నువ్వే పడుకుంటున్నావా?

నీ తప్పు ఏమీ లేదు. నువ్వు లేకపోతే నేను ఆ అల్మారాలోనే ఉండేదాన్ని.

చోటు పేరు ఎవరికీ, ఇంటివాళ్ళకు కూడా చెప్పకూడదని ఇక్కడి నియమం. కానీ అక్కా, నువ్వు అడిగితే చెప్తాను. నియమం లేదు, గియమం లేదు. ఒక్కసారి అడుగు. ఈ ఉత్తరం మేడం కోసం ఆగలేక నేనే వీధి చివర డబ్బాలో వేస్తున్నాను. నువ్వు వస్తే ఆ డబ్బా దగ్గరే నిలబడి ఉంటాను.

గోరింక


పెద్ద ల్యాబు, డెస్పాచ్ గది
జూన్ 23, సోమవారం

నా గోరింకా,

ఇది మేడం చేతికి ఇస్తున్నాను. నీకు ఎలా చేరుతుందో అడగలేదు.

జవాబుకు ఇన్ని రోజులు పట్టిందని అలిగి ఉంటావు. నీ ఉత్తరం వచ్చినరోజు నేను పనికి సెలవు పెట్టాను. సంచిలో రెండు చీరలు పెట్టుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మంలో కూర్చున్నాను. ఎక్కడికని అడిగితే చెప్పడానికి లేదు, కానీ బయలుదేరి కూర్చున్నాను. అడుగుతానని రాయడానికి కాగితం తీశాను. "ఏ ఊరే" అని రెండు ముక్కలు, అంతే రాయాలి. రాసి చింపాను, మళ్ళీ రాసి చింపాను.

మొన్న శుక్రవారం వాడికి బెయిలు వచ్చింది. శనివారం పొద్దున్నే ఇక్కడికి వచ్చాడు. మా ముందు తలుపు దగ్గర కూర్చునే ఆవిడ తలుపు తీయలేదు, గాజు అవతల నిలబెట్టి నాకు కబురు పెట్టింది. వద్దన్నారు అందరూ, పోలీసులకు ఫోను చేశారు, అయినా వెళ్ళి ఇవతల నిలబడ్డాను. చిక్కిపోయాడు. చేతులు జోడించాడు. "వదినా, ఒక్కసారి మాట్లాడాలి, కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కడుందో చెప్పండి" అన్నాడు. ఏడ్చాడు కూడా. నిజం చెప్తున్నాను, చూస్తుంటే ఎవరికైనా జాలి వేస్తుంది. ఎనిమిదేళ్ళు నేను నమ్మింది ఆ మొహాన్నే.

"నాకు తెలియదు" అన్నాను. వాడు నా కళ్ళలోకి చూశాడు, చాలాసేపు. ఎంత వెతికినా అక్కడ ఏమీ లేదు, నిజంగానే నాకు తెలియదు కాబట్టి. పోలీసులు వచ్చేలోపు వెళ్ళిపోయాడు. నాకు తెలిసి ఉంటే ఏమయ్యేదో ఆ తర్వాత ఆలోచించాను. నోటితో చెప్పేదాన్ని కాదు. కానీ నా మొహం నీకు తెలుసు, అందులో దాగేది ఏమీ లేదు. ఒకసారి సంతోషం పట్టలేక నోరు జారాను. ఇంకోసారి జారితే నువ్వు ఉండవు.

అందుకని అడగను. నువ్వు కూడా చెప్పకు. నేను ఏడుస్తూ రాసినా, జబ్బు పడ్డానని రాసినా, నా చావు మీద ఒట్టు పెట్టినా చెప్పకు. నీ ఉత్తరాలు మేడం చేతికే ఇవ్వు, నేరుగా డబ్బాలో వేయకు. డబ్బాలో వేస్తే కవరు మీద ఊరి ముద్ర పడుతుందే పిచ్చిదానా. మొన్నటి కవరు మీదా పడింది.

నిన్ను చూడాలని ఉంది. పనిలో ఉన్నా, వంటలో ఉన్నా, నలుగురిలో ఉన్నా అదే. ఎప్పుడో ఒకరోజు మేడం ఇక భయం లేదంటుంది, అప్పుడు వస్తావు. ఏడాదో, రెండేళ్ళో, పదో, నాకు తెలియదు. నేను ఉంటాను.

ఆ కవరు వచ్చినప్పుడు ఏం చేశానో చెప్తాను, తర్వాత ఆపేస్తాను. నీ అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. పక్కనే మూలగా నల్లటి ముద్ర. కళ్ళజోడు లేకపోతే నాకు ఒక్క అక్షరమూ ఆనదు. అందుకని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తడుముకుంటూ ఆ మూల చించి, పొయ్యి వెలిగించి అందులో పడేశాను. అది కాలిపోయేదాకా కళ్ళజోడు పెట్టుకోలేదు.

అక్క